పీట, పాట, పాఠం

“మీరు చేసే పనేమిటో ఒక్క మాటలో చెప్పండి” అన్నారు ఇంటర్వ్యూలో బల్లకి అటువైపు కూర్చున్న ఐదుగురిలో ఒకాయన. ఆయన చేతిలో నా బయోడేటా ఉంది. అప్పటికే దాన్ని రెండుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పారు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్. డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు. బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం కూర్చునే పీట తయారీ. బీడీ పని పోతే వాళ్లు ఎట్లా బతకాలన్న దాని మీద ఒక సర్వే. ముప్పై దాకా పాటలకి బాణీలు. ఒక్కొక్కటీ పైకి చదివి, కళ్లద్దాల మీదుగా చూసి, “పీటేమిటమ్మా?” అన్నారు. పక్కనున్నాయన నవ్వారు. ఆ గదిలో నేను కాక ఉన్న ఒకే ఒక స్త్రీ నవ్వలేదు గానీ, “ఇన్ని చేస్తుంటే ఇల్లెవరు చూస్తారు?” అని అడిగింది.

ఉద్యోగం రాలేదు. రాదని గదిలోంచి బయటికొచ్చేటప్పుడే తెలుసు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా ఆ ఒక్క మాట కోసం వెతుక్కున్నాను. సాహిత్యం అందామంటే పీట ఎక్కడ పెట్టను? పరిశోధన అందామంటే బాణీలు ఏం చేయను? ఇంటికొచ్చాక అమ్మ అడిగింది.

“ఏమడిగిండ్రు బిడ్డా?”

“ఏం పని చేస్తవని అడిగిండ్రు.”

“నాలుగు పనులు చేస్తనని చెప్పకపోయినవా?”

“చెప్పిన. ఒక్కటే చెప్పాల్నట.”

అమ్మ చేతిలో బీడీ ఆపలేదు. “వాళ్ల ఇండ్లల్ల ఆడోళ్లు ఒక్కటే పని చేస్తున్నరా?” అంది.

మాది పోచంపాడ్. కాగితాల మీద శ్రీరాంసాగర్ అని రాస్తారు గానీ మా నోట ఎప్పుడూ పోచంపాడే. 1963 జూలై 26న నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిన ప్రాజెక్టు. వానాకాలంలో గేట్లు ఎత్తారంటే ఇటు నిజామాబాద్ నుంచీ అటు గోదావరి దాటి నిర్మల్ నుంచీ జనం చూడ్డానికి వస్తారు. మా నాన్న ఆ ప్రాజెక్టులోనే చిన్న ఉద్యోగి. అమ్మ పుట్టిన ఊరు ఆ ప్రాజెక్టు నీళ్ల కిందే ఉంది. ఒకే నీళ్లు నాన్నకి జీతమిచ్చాయి, అమ్మకి పుట్టిల్లు లేకుండా చేశాయి. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయినప్పుడు పాత ఊళ్ల రాళ్లు తేలతాయి. నా చిన్నప్పుడు అమ్మ ఒకసారి కట్ట మీద నిలబడి, “గదిగో, గా రాళ్ల కాడ మా ఇల్లు” అని చూపించింది. నాకు రాళ్లు కనిపించాయి గానీ ఇల్లు కనపడలేదు.

అమ్మ బీడీలు చేస్తుంది. మా జిల్లాలో ఈ ఒక్క వాక్యం చాలు, మిగతాది అందరికీ అర్థమైపోతుంది. పెళ్లిచూపుల్లో పిల్లకి వంటొచ్చా అని అడగడానికి ముందు బీడీలొచ్చా అని అడిగిన కాలం ఒకటుంది. తెలియని వాళ్ల కోసం చెప్తాను. టేకేదారు దగ్గర తునికాకు, తంబాకు, దారం తెచ్చుకోవాలి. ఆకు తడిపి, గుడ్డలో చుట్టి పెట్టి, మెత్తబడ్డాక రేకుముక్క కొలత పెట్టి కత్తెరతో కత్తిరించాలి. ఇదంతా రాత్రిపూట పని. పొద్దున్నించీ ఒళ్లో చాట పెట్టుకుని, ఆకులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. 25 అయితే ఒక కట్ట. 40 కట్టలయితే వెయ్యి. కూలి వెయ్యికి లెక్క. టేకేదారు కట్టలు విప్పి చూసి, సన్నగా ఉన్నాయనో వదులుగా ఉన్నాయనో కొన్ని తీసి పక్కన పడేస్తాడు. వాటికి పైసలు రావు. ఆకు తక్కువొచ్చినా, చినిగినా, వెయ్యి మాత్రం వెయ్యే. తగ్గిన ఆకు మనమే కొని కలపాలి. నా డిగ్రీ ఫీజూ, హాస్టలు ఖర్చూ, సిద్ధాంత గ్రంథం బైండింగు డబ్బులూ కూడా ఆ కట్టల్లోంచే వచ్చాయి.

పీహెచ్‌డీకి శ్రామిక స్త్రీల పాటలు విషయంగా తీసుకున్నప్పుడు నేను చాలా ధీమాగా ఉన్నాను. నాట్ల పాటలు, కలుపు పాటలు, విసుర్రాయి పాటలు ఎంతోమంది సేకరించారు. బీడీ పాటలు ఎవరూ సేకరించలేదు. అది నా సొంత చేను అనుకున్నాను. టేప్‌రికార్డరు స్థానంలో ఫోను పట్టుకుని ఆర్మూరు, బాల్కొండ, మోర్తాడ్ వైపు ఊళ్లు తిరిగాను. అరుగుల మీద నలుగురైదుగురు ఆడవాళ్లు వరసగా కూర్చుని బీడీలు చేస్తుంటారు. వెళ్లి పక్కన కూర్చుని, “అక్కా, బీడీలు చేస్తూ ఏం పాటలు పాడుతరు?” అని అడిగితే ముఖాలు చూసుకునేవాళ్లు. ఒక పెద్దావిడ బతుకమ్మ పాట పాడింది. ఇంకొకావిడ నాటు పాట పాడింది. బీడీ పాట ఒక్కటీ లేదు. మూడు నెలల తర్వాత అమ్మని అడిగాను, చిన్నప్పుడు నువ్వు బీడీలు చేస్తూ పాడిందేదీ నాకు గుర్తు రావడం లేదెందుకని.

“పాడితే లెక్క తప్పుతది” అంది అమ్మ.

నా పరిశోధనకి అసలైన మొదటి వాక్యం అది. నాట్లలో అందరి చేతులూ ఒక వరసలో కదలాలి, ఒకరు వెనకబడితే వరస చెడుతుంది. పాట ఆ చేతుల్ని కలుపుతుంది. బీడీల్లో పక్కపక్కనే కూర్చున్నా ఎవరి వెయ్యి వాళ్లది. ఒకరి చెయ్యి ఆగితే ఇంకొకరికి నష్టం లేదు, లాభమూ లేదు. నోరు లోపల్లోపల పదకొండు, పన్నెండు, పదమూడు అని తిరుగుతూ ఉంటుంది. మాట్లాడుకుంటారు, తిట్టుకుంటారు, టీవీ పెట్టుకుని వింటారు. పాడరు. లేని పాటల మీద ఒక అధ్యాయం రాస్తానంటే నా గైడు మొదట ఒప్పుకోలేదు. సాహిత్య పరిశోధన అంటే దొరికిన పాఠం మీద చేయాలి గానీ దొరకనిదాని మీద కాదన్నారు. చివరికి ఎనిమిది పేజీలకి ఒప్పుకున్నారు. నా సిద్ధాంత గ్రంథంలో నాకు ఇప్పటికీ నచ్చేవి ఆ ఎనిమిది పేజీలే.

పాటలు దొరక్కపోయినా ఆ తిరుగుళ్లలో ఒక మాట మాత్రం ప్రతి ఊళ్లోనూ దొరికింది. నడుము. పాట అడిగితే నడుము గురించి చెప్పారు. మెడలు, మోకాళ్లు, బొటనవేళ్లు. ఒక కాలు మడిచి ఒకటి చాపి పదేసి గంటలు ఒంగి కూర్చునే శరీరాలు. లేచేటప్పుడు గోడ పట్టుకుని, ఒక్క క్షణం అలాగే ఆగి, తర్వాత నిటారుగా అవుతారు. ఆ ఒక్క క్షణం మా అమ్మలో ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. అది పని వల్ల వచ్చిన నొప్పి అని నాకు వేరే ఊరి ఆడవాళ్లలో చూశాక గానీ తట్టలేదు. ఇంట్లో ఉన్నంతసేపూ అది అమ్మ తీరు అనుకున్నాను.

డాక్టరేటు చేతికొచ్చాక, ఉద్యోగం రాని ఆ ఏడాదిలో, నేను పీట మొదలుపెట్టాను. డిజైన్ అనే చదువు ఒకటుందనీ, దానికి అహ్మదాబాద్‌లో 1961 నుంచీ ఒక జాతీయ సంస్థ ఉందనీ అప్పటికి పేపర్లో చదివిన జ్ఞానమే. ఆ సంస్థ పుట్టడానికి మూలమైన నివేదికని 1958లో రాసింది అమెరికా డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్. అందులో వాళ్లు మెచ్చుకున్న వస్తువు మన చెంబు. ఏ ఒక్కరూ కూర్చుని గీసింది కాదది, తరాల తరబడి చేతులు మారి ఆ రూపానికి వచ్చింది. చదువుతున్నప్పుడు నాకు సంతోషమూ ఉక్రోషమూ కలిసి వచ్చాయి. చెంబునీ బిందెనీ చంకన పెట్టుకున్నదెవరు, రోజూ తోమిందెవరు, అంచు చేతికి కోసుకుంటోందని కంచరివాడికి చెప్పిందెవరు? పేరు లేకుండా డిజైన్ చేయడం మనకి కొత్త కాదు. ఇంకో సంగతి, ఆ నివేదిక గురించి మాట్లాడేవాళ్లు చాలామంది రచయితగా చార్లెస్ పేరొక్కటే చెబుతారు. రే ఆయన భార్య.

నా మొదటి పీట అసలు పీటే కాదు, బల్ల. ఎత్తుగా ఉంటే ఒంగక్కర్లేదని కుర్చీ, బల్ల చేయించాను. అమ్మ ఒక పూట కూర్చుని లేచింది. చాట ఒళ్లో లేకపోతే తంబాకు కింద పోతుంది. పసిపిల్లని కాళ్ల మీద వేసుకుని ఊపాలంటే కుర్చీలో కుదరదు. పొయ్యి మీద అన్నం పొంగితే వంగి మంట తగ్గించి మళ్లీ కూర్చోవాలి. బీడీ పనిని నేను ఒక పనిగా చూశాను. అక్కడ నాలుగు పనులు ఒకే చోట కూర్చుని జరుగుతున్నాయని బల్ల చేయించాక తెలిసింది. దానికైన మూడు వేలూ అమ్మ చాలాకాలం గుర్తు చేసింది.

రెండోది నేలకి నాలుగు వేళ్ల ఎత్తున, ముందుకి కొంచెం వాలుగా, వెనక నడుముకి ఆనే చిన్న పలకతో. ఇది తేలిగ్గా ఉండాలి, అరుగు మీదికీ ఇంట్లోకీ ఒక చేత్తో ఎత్తుకుపోయేలా ఉండాలి అనుకుని, తేలికైన చెక్క అనగానే నిర్మల్ బొమ్మల పొనికి గుర్తొచ్చి నిర్మల్ వెళ్లాను. గోదావరి దాటితే చాలు. అక్కడ బొమ్మలు చేసే పెద్దాయన నా బొమ్మ గీసిన కాగితం చూసి నవ్వాడు. పొనికి మెత్తన, ఉలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, అందుకే బొమ్మలకి. మనిషి బరువు మొయ్యడానికి కాదు. “అయినా పొనికి ఏడున్నదమ్మా, మాకే దొరుకుత లేదు” అన్నాడు. నిర్మల్ బొమ్మలకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకి రక్షణ వచ్చింది గానీ చెట్టు దొరకడం మాత్రం రోజురోజుకీ కష్టమవుతోంది. ఒక మామూలు వస్తువు చేద్దామని బయల్దేరితే దాని వెనక అడవి ఉంటుందని నాకు ఆ వరండాలో కూర్చుని తెలిసింది. సుస్థిరత మీద నా పరిశోధన, అంటే బయోడేటాలో మూడో వరస, అక్కడ మొదలైంది. చివరికి పీటని మా ఊరి వడ్రంగి వేపచెక్క తునకలతో చేశాడు. బరువెక్కువే. కింద చిన్న చక్రాలు పెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు, జారి పడితే నడుమే ఉండదంది.

నాలుగు ఊళ్లలో పదకొండు పీటలు ఇచ్చాను. నెల తర్వాత పోయి చూస్తే ఆరింటి మీద కూర్చుంటున్నారు. ఒకదాని మీద బిందె ఉంది. రెండింటి మీద మగవాళ్లు కూర్చుని టీవీ చూస్తున్నారు, నడుముకి హాయిగా ఉందని చెప్పారు. ఒకటి అత్త తీసుకుంది. ఇంకొకటి బడికి పోయే మనవడు రాసుకోవడానికి వాడుతున్నాడు. కూర్చునే ఆరుగురూ వెనక పలక ఒక రెండు వేళ్లు కిందికి దించమన్నారు. నేను కొలత తీసుకున్నది మా అమ్మ నడుము మాత్రమే కదా.

పాట సంగతి నన్ను వదల్లేదు. పాడితే లెక్క తప్పుతుంది కాబట్టి, లెక్కే పాట అయితే? 25 అంటే ఐదైదులు. నా డిగ్రీ రోజుల్లో నేర్చుకున్న కాస్త సంగీతంలో ఖండగతి ఐదు మాత్రల నడక. బీడీకొక చరణం, ఐదు చరణాలకొక పల్లవి, ఐదు పల్లవులైతే ఒక కట్ట. పాట అయిపోయేసరికి కట్ట అయిపోవాలి. ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టక్కర్లేదు. ఈ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హార్మోనియం ముందు కూర్చుని బాణీ కట్టాను, మాటలు అమ్మా వాళ్ల మాటల్లోంచే ఏరాను. ఆకు తెచ్చిన కాడి నుంచి టేకేదారు కట్ట విప్పేదాకా. చాలా గర్వంగా అరుగు మీద నలుగురికి నేర్పాను.

పది నిమిషాల్లో పాట ముక్కలైంది. ఆకు చినిగితే ఒకరు వెనకబడ్డారు. పాట ముందుకి పోయింది. “నా పదో బీడీకి వదినెకు పన్నెండోది, గీ పాట ఎవలి లెక్క చెప్తది?” అంది ఒకామె. అందరూ పాటతో నడవాలంటే చెయ్యి చురుకైన వాళ్లు నెమ్మదించాలి. నెమ్మదిస్తే సాయంత్రానికి రెండు కట్టలు తక్కువ. ఆ రెండు కట్టలు నేనిస్తానా? కూలి పద్ధతే విడదీసి కూర్చోబెట్టిన వాళ్లని నా బాణీతో కలపబోయాను.

ఆ పాటని బాగు చేసింది వాళ్లే. ఒకటి, నలుగురూ కలిసి పాడేదాన్ని రాత్రి ఆకు కత్తిరించే వేళకి మార్చారు, అక్కడ లెక్క లేదు కాబట్టి. రెండు, ఒక్కరే కూర్చుని చేసుకునేటప్పుడు చరణం చివర ఊతపదాన్ని సాగదీస్తారు. బతుకమ్మ పాటల్లో ఉయ్యాలో అన్న మాటని అడుగు పడేదాకా సాగదీస్తారు చూడండి, అలాగ. బీడీ మూతి మడిచేదాకా ఆ పదం గాల్లో ఉంటుంది. మూతి పడ్డాక తర్వాతి చరణం. నా ఖండగతి అక్కడ పోయింది. లెక్క నిలిచింది. టేకేదారుని గురించి నేను మర్యాదగా రాసిన చరణం తీసేసి వాళ్లు ఇంకొకటి పెట్టారు. అది ఇక్కడ రాయలేను.

ఒక సెమినార్‌లో ఈ పీటా పాటా గురించి పత్రం చదివాను. చదవడం అయ్యాక ఒక ప్రజారోగ్య పరిశోధకురాలు లేచి సూటిగా అడిగారు: పొగాకు మనుషుల్ని చంపుతుంది, చుట్టే వాళ్ల ఊపిరితిత్తుల్లోకి కూడా ఆ దుమ్మే పోతుంది. పోవలసిన పరిశ్రమని మీరు సౌకర్యంగా చేస్తున్నారు, ఇందులో సుస్థిరత ఏమిటి? నేను అక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆవిడ అడిగింది తప్పు కాదు. 2016 ఏప్రిల్‌లో ప్యాకెట్ మీద 85 శాతం మేర బొమ్మ హెచ్చరిక వచ్చాక మా ఊళ్లలో జరిగిన చర్చల్లో నేను రెండువైపులా కూర్చున్నాను. మా పెదనాన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు, బీడీలు తాగేవాడు. ఆ బీడీల్లో అమ్మ చుట్టినవీ ఉండి ఉంటాయి.

జవాబు నాకు కొంతవరకు బోధన్‌లో దొరికింది. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ షక్కర్‌నగర్ అనే ఊరు, నిజాంసాగర్ కాలువల కింద చెరకు. 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. సర్వే కోసం ఆ క్వార్టర్ల వైపు వెళ్లినప్పుడు ఒక ఇంటి ముందు ఒకావిడ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. భర్త ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. “గాయన జీతం బందయినంక పదేండ్ల సంది గీ చాటనే” అంది. చెరకు పోతే బీడీ ఆదుకుంది. ఇప్పుడు బీడీ కూడా నెలలో సగం రోజులే దొరుకుతోంది. రేపు అదీ పోతే ఏది ఆదుకుంటుంది? పరిశ్రమ పోవాలి అనేవాళ్లు ఆ ఆడవాళ్లకి ఏ పని తెచ్చి ఒళ్లో పెడతారో కూడా చెప్పాలి. బీడీ కార్మికులకి ఆసరా భృతి వచ్చింది, 2019లో అది 2016 రూపాయలైంది. బీడీల మీద వసూలయ్యే సెస్సుతో నడిచిన సంక్షేమ నిధికి 2017లో జీఎస్టీతో ఆ సెస్సే లేకుండా పోయింది. పీట ఈ ప్రశ్నకి జవాబు కాదు, నాకు తెలుసు. కానీ జవాబు వచ్చేదాకా ఆ నడుము ఖాళీగా ఎదురుచూడదు, ఈ పూట కూడా వంగే ఉంటుంది.

ఈ ఆలోచనలో నాకు ఉజ్రమ్మ పని చాలా సాయం చేసింది. హైదరాబాద్ కేంద్రంగా దస్తకార్ ఆంధ్రలో చేనేత కోసం పనిచేసిన ఆవిడ, నేతగాళ్ల బాధల్ని అధ్యయనం చేస్తూ చేస్తూ నూలు దగ్గరికి, నూలు నుంచి పత్తి దగ్గరికి వెళ్లారు. పత్తిని బేళ్లుగా గట్టిగా అదిమి దూరపు మిల్లులకి పంపడం పెద్ద యంత్రాల కోసం వచ్చిన పద్ధతి. అదిమిన పత్తిని మళ్లీ విడదీయడంలో దాని సహజమైన మెత్తదనం దెబ్బతింటుంది. పత్తి పండే చోటే, బేలు కట్టకుండా, చిన్న యంత్రాలతో వడికితే? ఆ ప్రశ్నలోంచి మల్‌ఖా బట్ట వచ్చింది, మల్‌మల్ అనే మాటనీ ఖద్దరునీ కలిపిన పేరది. 2017లో మీనా మీనన్‌తో కలిసి పత్తి చరిత్ర మీద ‘ఎ ఫ్రేడ్ హిస్టరీ’ అనే పుస్తకం రాశారు. ఉజ్రమ్మ చరిత్రకారిణా, డిజైనరా, సాంకేతిక నిపుణురాలా, ఉద్యమకారిణా? బట్ట కట్టుకుని చూసిన వాళ్లకి ఆ ప్రశ్న రాదు. నాకు ఆ బట్ట కంటే ఆవిడ వెనక్కి నడిచిన దారి ఎక్కువ నచ్చింది. నేతగాడి కష్టానికి కారణం పత్తి చేలో వెతకడం. పాటకి కారణం నడుములో వెతికినట్టు.

అయితే నేను అసూయపడే మనిషి ఇంకొకరున్నారు, భానుమతి. నటి, గాయని, రచయిత్రి. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీసిన దర్శకురాలు. సినిమాలకి సంగీతం కట్టారు, ‘అత్తగారి కథలు’ రాశారు, మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేశారు. ఆవిడని బహుముఖ ప్రజ్ఞాశాలి అంటాం. అదే మాట మా వాడలో నాలుగు పనులు చేసే ఆడదానికి ఎవరూ వాడరు, నిలకడ లేదంటారు. భానుమతి ప్రతిభని తక్కువ చేయను గానీ ఆవిడకి భరణీ అనే సొంత స్టూడియో ఉంది. ఏ బల్ల ముందూ కూర్చుని ఒక్క మాటలో చెప్పనక్కర్లేదు. మగవాళ్లకయితే స్టూడియో కూడా అక్కర్లేదు. మా కాలేజీలోనే కవిత్వం రాసి, కాంట్రాక్టులు చేసి, హోమియో మందులిచ్చే అధ్యాపకుడొకరున్నారు. ఆయన్ని చూసి “ఎన్ని చేస్తారండీ సార్!” అంటారు. ఇల్లెవరు చూస్తారని ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు.

బాణీల దగ్గర ఇంకో ముచ్చట. ఆకు కత్తిరించే పాట ఒక సాంస్కృతిక బృందం చెవిన పడింది. రెండేళ్ల తర్వాత ఒక సభలో విన్నాను, డప్పులతో, బాగా పాడారు. కింద దిగి అడిగితే “అది జానపదం మేడమ్, ఎవలదీ కాదు” అన్నాడు పాడిన అబ్బాయి. ఆడవాళ్లు కట్టిన బాణీ ఎంత తొందరగా జానపదం అవుతుందో! నేను కోపంగా ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ శాంతంగా విని, “నువ్వు నీదంటున్నవ్. గా ఊతపదం సాగదీసింది నేను కాదా?” అంది. నాకు నోట మాట రాలేదు. నా సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతల పేజీలో అమ్మ ఉంది, నాలుగో పేరాలో, ‘నన్ను కని పెంచిన’ అన్న చోట. ఆ ఎనిమిది పేజీల మొదటి వాక్యం ఆమెదని ఎక్కడా రాయలేదు. ఆ తర్వాత పత్రాల్లో రాస్తున్నాను.

పాఠాల సంగతికి వస్తే, నాకు పీరియడ్‌కి ఇంత అని ఇస్తారు. సెలవలొస్తే లేదు, పరీక్షలొస్తే లేదు, సంతకం తప్పితే లేదు. అమ్మకి వెయ్యికి లెక్క, నాకు గంటకి లెక్క. ఇంత చదువూ చదివి నేను తెచ్చుకున్నది అదే తరహా కూలి. కానీ తరగతి గది నాకు ఇష్టం. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన వాళ్లు. ఏటా మొదటివారంలో ఒక పని ఇస్తాను: మీ ఇంట్లో ఏదైనా ఒక వస్తువు తీసుకుని, అది ఎవరి ఒంటి కొలతకి తయారైందో రాసుకు రండి. తెలుగు క్లాసులో ఇదేంటని మొదట నవ్వుతారు. తర్వాత రాసుకొస్తారు. ఆర్మూరు వైపు పిల్ల పసుపు ఉడికించే కడాయి గురించి రాసింది, దాని చుట్టూ తిరిగి ఎత్తిపోసేది ఆడవాళ్లయినా పిడి మగవాడి చేతికి తగ్గట్టు ఉందని. ఒకమ్మాయి వాళ్లక్క వీపు మీద మోసే మందు డబ్బా గురించి రాసింది. ఒక అబ్బాయి మాత్రం తెల్లకాగితం ఇచ్చాడు. ఏంటిది అంటే, “మా అమ్మ కొలతకు ఏమున్నదో చూసిన మేడమ్, ఏం దొరకలే” అన్నాడు. ఆ ఏడు వాడికి అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేశాను. ఆ తర్వాత కథలు చదివేటప్పుడు ఆ పిల్లలు అడిగే ప్రశ్నలు మారతాయి. కథలో ఆమె ఎక్కడ కూర్చుంది మేడమ్, నేల మీదా, మంచం మీదా అని అడుగుతారు. నేను పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ ఏ కథనీ ఈ ప్రశ్న అడగలేదు.

మొన్న ఇంకో నోటిఫికేషన్ వచ్చింది. దరఖాస్తులో ప్రత్యేక అధ్యయన రంగం అన్న గడి ఉంది, ఇరవై అక్షరాలు పట్టేంత. కాగితం తీసుకుని అమ్మ పక్కన అరుగు మీద కూర్చున్నాను. అమ్మ పీట మీద ఉంది, వెనక పలక దించిన కొత్త పీట. లోపల్లోపల పాడుకుంటోంది, ఊతపదం దగ్గర ఆగి మూతి మడిచి మళ్లీ అందుకుంటోంది.

“అమ్మా, గీ గడిల ఏం రాయాలె?” అన్నాను.

అమ్మ తల ఎత్తలేదు.

“ఆగు. ఇరవై మూడు. మాట్లాడియ్యకు.”